ఎర్త్ వైరు కూడా వైరే

(విజయనగరంలో ఆటో ఎలక్ట్రీషియన్లకు, ఐటీఐ విద్యార్థులకు కారు ఆడియో మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరు చెడకుండా రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినబడుతోందా? ఈ మైకు కొంచెం గుయ్యిమంటోంది. దీని జబ్బు, నేను ఇవాళ చెప్పబోయే జబ్బు ఒకటే అయ్యుండొచ్చు. (నవ్వులు)

నాకు ప్రసంగాలు చేయడం రాదు. ఒక బండి కథ చెబుతాను, అందులోంచే మిగతాది వస్తుంది.

కొన్నేళ్ల కిందట, పైడితల్లమ్మ సిరిమాను పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా, చీపురుపల్లి వైపు నుంచి ఒకాయన టాక్సీ వేసుకుని మా షెడ్డుకి వచ్చాడు. డిక్కీలో దరువు పలికే పన్నెండు అంగుళాల పెద్ద స్పీకరు, అంటే వూఫర్ డబ్బా, దాని పక్కన యాంపు, అంటే స్టీరియో సిగ్నలుని స్పీకరుకి సరిపడా పెంచే యాంప్లిఫయరు. ఏమైంది అంటే, "పాట బాగానే ఎత్తుకుంటాది మేస్త్రీ, దరువు పడీసరికి నోరు మూసుకుంటాది" అన్నాడు. అప్పటికే వేరే చోట యాంపు ఒకసారి మార్పించాడు. కొత్తదీ అంతే. మూడోది కొనమన్నారట. డబ్బులు చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, "మంచి కంపెనీది సెప్పు" అని.

నేను యాంపు ముట్టుకోలేదు. మీటరు తీశాను. ఇంజన్ ఆపి, పాట పెట్టి, దరువు పడినప్పుడు బ్యాటరీ దగ్గర చూస్తే 12.0 వోల్టులు ఉంది. యాంపు టెర్మినళ్ల దగ్గర చూస్తే 9.8. చాలా యాంపులు పది వోల్టుల ప్రాంతానికి దిగితే తమంతట తాము ఆగిపోతాయి. అదే వాటి రక్షణ. అంటే యాంపుకి ఏ రోగమూ లేదు, పస్తులు ఉంచితే పని మానేసింది, అంతే.

మధ్యలో 2.2 వోల్టులు ఎక్కడికి పోయాయి? ప్లస్ వైరులో చూస్తే 0.4 పోతోంది. మిగతా 1.8 ఎర్త్ దగ్గర, అంటే కరెంటు బాడీ రేకు మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారిలో. ఎర్త్ లగ్గు, అంటే వైరు కొసన బోల్టుకి బిగించే రింగు, తీసి చూస్తే కింద కంపెనీ పెయింటు అలాగే ఉంది. బోల్టు మరల మీద మాత్రం కాస్త ఇనుము తగులుతోంది, ఆ కొంచెం దారిలోంచే కరెంటంతా వెళ్లాలి. ప్లస్ వైరు బొటనవేలంత లావు, ఎర్త్ వైరు చీపురుపుల్లంత. వెళ్లడానికి పదహారో నెంబరు హైవే వేసి, తిరిగి రావడానికి చేను గట్టు చూపించినట్టు. ఎంత కరెంటు వెళ్తుందో అంతా తిరిగి రావాలి కదా! పెయింటు గీకి, లావు వైరు వేసి, బిగిస్తే అరగంట పని. ఆయన కొత్త యాంపు డబ్బులతో ఇంటికి వెళ్లాడు. నాకు ఇచ్చింది ఎంతో చెప్పను. (నవ్వులు)

ఇప్పుడు కుర్రాళ్లు అడుగుతారు, "ఎర్త్ కంటిన్యుటీ చూశాం సార్, బీప్ వచ్చింది" అని. బీప్ వస్తుంది, దారి తెగలేదని చెప్పడానికే ఆ బీప్. ఎందుకు రాదూ? ఆ బండిలో దరువు పడినప్పుడు సుమారు 45 ఆంపియర్లు లాగుతోంది. 1.8 వోల్టుని 45తో భాగించండి. 0.04 ఓం. నలభై మిల్లీ ఓంలు. మన మీటరు పుల్లలు రెండూ ఒకదానికొకటి ఆనిస్తేనే 0.2, 0.3 చూపిస్తుంది. దానితో 0.04 కొలుస్తానంటే బియ్యం బస్తాలు తూచే కాటాతో బంగారం తూచినట్టే. అందుకని ఓముల్లో కొలవకండి. పాట మోగుతుండగా వోల్టుల్లో కొలవండి.

ఎలాగో వివరంగా చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. ఐదారు మీటర్ల సన్న వైరు ఒకటి రెండు కొసలకీ క్లిప్పులు పెట్టి షెడ్డులో ఉంచుకోండి. ఒక క్లిప్పు బ్యాటరీ మైనస్ పోలుకి, ఇంకోటి మీటరు నల్ల పుల్లకి. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర పుల్ల యాంపు ఎర్త్ టెర్మినల్ మీద ఆనించండి. ఇప్పుడు గట్టి బేస్ ఉన్న పాట పెట్టండి, లేదా 50 హెర్ట్జ్ టోన్. 0.1 వస్తే భేషు. 0.2 దాకా నేను వదిలేస్తాను. అర వోల్టు వస్తే విప్పి మళ్లీ చేయాల్సిందే. తర్వాత ఎర్ర పుల్లని టెర్మినల్ మీద నుంచి తీసి, లగ్గు పక్కనే గీకిన రేకు మీద పెట్టండి. రీడింగు ఠక్కున పడిపోతే జబ్బు మీ లగ్గులోనో, వైరులోనో, బోల్టులోనో ఉంది. పడకపోతే మీ పని బాగానే ఉంది, బానెట్ కింద బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వెళ్లే కంపెనీ వైరు తుప్పు పట్టి ఉంటుంది. పాత బండ్లలో ఇది చాలా చూశాను. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రం పక్క ఊళ్ల బండ్లయితే ముందు అక్కడే చూస్తాను.

ఎర్త్ ఎక్కడ కొట్టాలి? యాంపుకి దగ్గరగా, మూరెడు వైరు మించకుండా, బాడీ రేకు మీద. పెయింటు పూర్తిగా గీకాలి, వెండిలా మెరవాలి. లగ్గు, స్టార్ వాషరు, నట్టు. బిగించాక పైన పెయింటో, గ్రీజో పూయండి. బిగించాక అంటున్నాను, ముందు కాదు. సీటు బెల్టు బోల్టు జోలికి వెళ్లొద్దు. దాని కింద లగ్గు దూరిస్తే కంపెనీ ఇచ్చిన బిగింపు పోతుంది. ఇక డ్రిల్లు. బాబూ, డ్రిల్లు చేతికి తీసుకునే ముందు బండి కిందకి దూరి చూడండి. చాలా చిన్న కార్లలో వెనక సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. ఒకసారి నా దగ్గర పనిచేసే కుర్రాడు సీటు ఎత్తి, పైనుంచి చక్కగా మార్కింగ్ చేశాడు. మార్కింగ్ సరిగ్గా ట్యాంకు మీదే పడింది. ఆ రోజు నేను టీకి వెళ్లకుండా అక్కడే ఉండడం మా అందరి అదృష్టం.

వైరు సంగతి. బజార్లో దొరికే కిట్టు మీద పదిహేను వందల వాట్లు అని రాసి ఉంటుంది. యాంపు మీదేమో ఇంకా పెద్ద అంకె. ఆ అంకెలు చదవకండి, యాంపుకి గుచ్చిన ఫ్యూజులు చదవండి. రెండు ముప్పైలు ఉన్నాయనుకోండి, 60 ఆంపియర్లు. 13.8తో హెచ్చిస్తే 828 వాట్లు లోపలికి వెళ్తుంది. తక్కువ వేడెక్కే క్లాస్ డీ రకం యాంపయితే అందులో 80 శాతం అనుకోండి, బయటికి వచ్చేది 660 చిల్లరే. పాత రకం క్లాస్ ఏబీ అయితే సగం పైచిలుకు మాత్రమే స్పీకరుకి వెళ్తుంది, మిగతాదంతా వేడి. డబ్బా మీద రెండు వేలు అని అచ్చేసుకోవడానికి ఖర్చేముంది, సిరా ఖర్చు.

కిట్టు వైరు కొనే ముందు ఒక పోగు లాగి బ్లేడుతో గీకండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా వస్తే అది అల్యూమినియం, మీద రాగి పూత. తప్పు వైరని అనను, చవక కూడా. కానీ అదే లావు రాగి వైరు మోసే కరెంటు అది మోయలేదు, ఒక సైజు పెద్దది వేసుకోవాలి. పైగా మెత్తన, లగ్గులో నొక్కాక కొన్నాళ్లకి వదులవుతుంది. 500 నిజమైన వాట్ల దాకా అసలు రాగి నాలుగో గేజు, అంటే సుమారు 21 స్క్వేర్ ఎంఎం, వేస్తే ఆ బండి మళ్లీ వైరు కోసం మీ దగ్గరికి రాదు. ఎర్త్‌కి కూడా అదే గేజు. ఇంకోసారి చెప్పమంటే ఇంకోసారి చెబుతాను.

ఫ్యూజు బ్యాటరీ పక్కన ఉండాలి, జానెడున్నర, రెండు జానల లోపు. డిక్కీలో యాంపు పక్కన పెట్టేవాళ్లని చూశాను. అది యాంపుకి కాపలా అనుకుంటారు. కాదండీ. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వెళ్లే వైరు, దారిలో ఎక్కడ రేకు అంచు కోసుకుని బాడీకి తగిలినా ఎర్రగా కాలిపోతుంది. దాన్ని ఆపేది బ్యాటరీ దగ్గరున్న ఫ్యూజు ఒక్కటే. ఫైర్‌వాల్, అంటే ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ, దాటే చోట గ్రోమెట్, అంటే రంధ్రం అంచుకి తొడిగే రబ్బరు రింగు, లేకుండా వైరు తోయకండి. వానాకాలంలో ఎలుకలు బానెట్ కింద కాపురం పెడతాయి, వాటికి మన వైరు అంటే మహా ఇష్టం, కాబట్టి అక్కడ మడతల పైపు తొడగండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. పసుపు రంగు కనెక్టర్లు కనబడితే చేతులు వెనక్కి పెట్టుకోండి, అవి ఎయిర్‌బ్యాగువి.

ప్లస్ వైరు ఒక పక్క, స్టీరియో నుంచి యాంపుకి పాట సిగ్నలు తెచ్చే ఆర్‌సీఏ వైర్లు ఇంకో పక్క నుంచి తీసుకెళ్లండి. రిమోట్ వైరు నీలం మీద తెల్ల గీత. స్టీరియో ఆన్ అయితే అందులో 12 వోల్టులు వచ్చి యాంపుని లేపుతుంది. యాంపు అసలు లేవకపోతే మొదట అదే చూడండి. అంతకంటే దాని గురించి చెప్పడానికేమీ లేదు.

యాంపు మీద తిప్పే గెయిన్ నాబు గురించి మాత్రం ఆగి చెప్పాలి. చాలామంది దాన్ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. మనది సంగీతం ఊరు. ఇక్కడ మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. కచేరీ చూసినవాళ్లకి తెలుసు, పాట మొదలవకముందు తంబురా శ్రుతి చేసుకుంటారు, తర్వాత పాట మధ్యలో దాన్ని పెంచరు. గెయిన్ అలాంటిది. స్టీరియో ఇచ్చే సిగ్నలుకి యాంపు శ్రుతి కలపడం.

పద్ధతి ఇది. బేస్ బూస్టు, ఈక్వలైజరు అన్నీ సున్నా. స్పీకరు వైర్లు విప్పేయండి. స్టీరియో వాల్యూమ్ నాలుగింట మూడొంతులు. వూఫరుకైతే 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, యాంపు అవుట్‌పుట్‌లో మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి గెయిన్ మెల్లగా తిప్పండి. ఎంత దాకా? వాట్లని ఓములతో హెచ్చించి, వర్గమూలం తీయండి. 100 వాట్లు, 4 ఓములు అయితే 400కి వర్గమూలం 20 వోల్టులు. 500 వాట్లు, 2 ఓములు అయితే వెయ్యికి వర్గమూలం, 31.6. అక్కడ ఆపేయండి. ఇంకా తిప్పితే అల కొస తెగి చదునవుతుంది. ఆ చదునైన అలతో స్పీకరు కాయిల్‌కి అవసరమైన దానికంటే వేడి వెళ్తుంది. "రెండొందల వాట్ల స్పీకరు వంద వాట్ల యాంపుతో కాలిపోయింది, ఇదేం విచిత్రం" అంటారు. విచిత్రమేం లేదు, గెయిన్ మొత్తం తిప్పి ఉంటారు. వూఫరుకి కింది స్వరాలనే వదిలే లో పాస్ 80 హెర్ట్జ్ దగ్గర, తలుపు స్పీకర్లకి పై స్వరాలనే వదిలే హై పాస్ అదే 80 దగ్గర పెట్టి మొదలుపెట్టండి, తర్వాత చెవి చెప్పినట్టు జరపండి.

సంగీతం మాట వచ్చింది కాబట్టి. ఒక వయొలిన్ మాస్టారు తన కారు తెచ్చారు. కొత్త స్టీరియో, కొత్త యాంపు, వెనకాల ఒక సన్నటి ఈల. మామూలు కస్టమరు "కుయ్యిమంటోంది" అంటాడు. ఈయనేమన్నారో తెలుసా? "నాయనా, బండి నిలబడి ఉన్నప్పుడు షడ్జమం పలుకుతోంది, కాస్త రేజ్ చేస్తే పంచమానికి వెళ్తోంది, ఇంకా చేస్తే పై షడ్జమం." నాకు అక్కడే జబ్బు తెలిసిపోయింది. ఇంజన్ నిమిషానికి 800 చుట్ల దగ్గర ఉంటే స అనుకోండి, 1200కి వెళ్తే ఒకటిన్నర రెట్లు, అదే ప. 1600కి రెట్టింపు, అదే పై స. ఇంజన్ వేగంతో పాటు స్థాయి పెరిగే ఈల ఆల్టర్నేటరుది, అంటే ఇంజన్ తిప్పితే తిరిగి కరెంటు తయారుచేసేదానిది. ఆల్టర్నేటరు కరెంటు డయోడ్ల గుండా వచ్చినా, దాని మీద చిన్న అలలు మిగిలే ఉంటాయి. స్టీరియో ఎర్త్ ఒక చోట, యాంపు ఎర్త్ ఇంకో చోట ఉండి, రెండింటి మధ్య కొంచెం వోల్టు తేడా ఉంటే ఆ అలలు ఆర్‌సీఏ వైరు పై తొడుగు మీదుగా ప్రవహించి పాటలో కలుస్తాయి.

జబ్బు తెలిసింది, మందు తెలియడానికి రెండు రోజులు పట్టింది. అది నా తప్పే, చెబుతాను. యాంపు ఎర్త్ మళ్లీ గీకి బిగించాను. స్టీరియో ఎర్త్ మార్చాను. ఆర్‌సీఏ వైర్లు మార్చాను. ఈల పోలేదు. మూడో రోజు ఆర్‌సీఏ పిన్ను బయటి రింగుకి, స్టీరియో రేకు పెట్టెకి మధ్య మీటరు పెట్టాను. కనెక్షన్ లేదు. కొన్ని స్టీరియోల్లో ఆ రింగు ఒక చాలా సన్నటి ఫ్యూజు లాంటి దాని గుండా ఎర్త్‌కి కలుస్తుంది. ఎప్పుడైనా యాంపుకి పవర్ ఉండగా, ఎర్త్ వదులుగా ఉండగా ఆర్‌సీఏ గుచ్చితే, యాంపు తిరుగు కరెంటు దానిలోంచి వెళ్లబోయి అది టక్కున తెగుతుంది. గుచ్చింది నేనే. మొదటి రోజు తొందరలో, పవర్ తీయకుండా. స్టీరియో విప్పి దాన్ని సాల్డరింగ్ చేస్తే ఈల పోయింది. మాస్టారు దగ్గర డబ్బు తీసుకోలేదు. అప్పటి నుంచి ఆర్‌సీఏ ముట్టుకునే ముందు ఫ్యూజు తీసి జేబులో వేసుకుంటాను.

ఈల వెతికేటప్పుడు వరస ఇలా పెట్టుకోండి. యాంపు దగ్గర ఆర్‌సీఏ పీకండి, పవర్ ఆపే పీకండి. మళ్లీ ఆన్ చేస్తే ఈల పోయిందా? అయితే యాంపు, దాని పవర్ వైరింగు మంచివే, జబ్బు ముందు భాగంలో ఉంది. పోలేదా? యాంపు దగ్గరే ఉంది. ఈ ఒక్క ముక్కతో సగం బండి వెతకడం తప్పుతుంది.

ఇక యాంపు మీద ఎర్ర లైటు, అంటే ప్రొటెక్ట్, యాంపు తనని తాను కాపాడుకోవడానికి ఆగిందని గుర్తు. కస్టమరు "యాంపు కాలిపోయింది" అని ప్రకటించేసి వస్తాడు. స్పీకరు వైర్లన్నీ విప్పి ఆన్ చేయండి. ఎర్ర లైటు పోయిందంటే యాంపు బతికే ఉంది. ఒక్కో స్పీకరు కలుపుతూ చూడండి. తలుపు మడత దగ్గర వైరు నలిగి రేకుకి తగలడం, స్పీకరు వెనక టెర్మినల్ తలుపు లోపలి రేకుకి ఆనడం మామూలు. స్పీకరు వైరుకి, బాడీకి మధ్య మీటరు పెడితే ఏమీ చూపించకూడదు. అన్నీ విప్పినా ఎర్ర లైటు ఉంటే అప్పుడు యాంపు విప్పే మాట ఆలోచించండి.

ఓముల లెక్క తప్పినా ఇదే లైటు. 4 ఓముల వూఫర్లు రెండు ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపితే 2 ఓములు. చాలా యాంపులు బ్రిడ్జ్ చేస్తే, అంటే రెండు చానళ్లని కలిపి ఒకటిగా వాడితే, 4 ఓములకి తక్కువ ఒప్పుకోవు. మెల్లగా వింటే పలుకుతుంది, వేడెక్కాక ఆగుతుంది. మీటరు పెడితే 4 ఓముల స్పీకరు 3.2, 3.6 అలా చూపిస్తుంది, కంగారు పడొద్దు. ఒకటిన్నర చూపిస్తే కంగారు పడండి.

ఏమైనా అడుగుతారా?

(ఒక విద్యార్థి: దరువుకి హెడ్ లైట్లు డిమ్ అవుతున్నాయి సార్. కెపాసిటర్ పెడితే సరిపోతుందా?)

లెక్క వేద్దాం. ఒక ఫారడ్ కెపాసిటర్ ఒక వోల్టు దిగేలోపు ఒక కూలుంబు, అంటే ఒక ఆంపియరు ఒక సెకండు పాటు, ఇస్తుంది. మన యాంపు 45 ఆంపియర్లు లాగితే అది సెకండులో నలభై ఐదో వంతు. ఇరవై రెండు మిల్లీ సెకండ్లు. నీ దరువు అంతకంటే పొడుగు. ఆ డబ్బుతో మూడు వైర్లు కొను. ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ ప్లస్‌కి ఒకటి, దానికి ఫ్యూజు ఉండాలి. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒకటి, ఇంజన్ నుంచి బాడీకి ఒకటి. కంపెనీవి తీయకు, వాటి పక్కన లావువి వెయ్యి. అప్పటికీ డిమ్ అయితే ఆల్టర్నేటరు చాలట్లేదన్నమాట, వాట్లు తగ్గించుకో.

(ఇంకొకరు: కొత్త బండ్లలో బ్యాటరీ మైనస్ పోలు మీద చిన్న డబ్బా లాంటిది ఉంటోంది. ఎర్త్ అక్కడికే ఇవ్వొచ్చా?)

మంచి ప్రశ్న. అది సెన్సారు. సిగ్నల్ దగ్గర తనంతట ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే బండ్లలో ఎక్కువగా చూస్తారు. బ్యాటరీలోకి ఎంత వస్తోంది, ఎంత పోతోంది అని అది లెక్క కడుతుంది. నీ యాంపు ఎర్త్ నేరుగా పోలుకి కడితే ఆ కరెంటు దాని లెక్కలోకి రాదు, బ్యాటరీ నిండా ఉందనుకుని ఛార్జింగు తగ్గించేస్తుంది. బాడీకే ఇవ్వాలి. నువ్వు అడిగింది నీ బండి గురించేనా? బయట ఉందా? అయితే తాళాలు పట్టుకుని రా, నా సంచిలో మీటరు, ఆ పొడుగు వైరు రెండూ ఉన్నాయి. మిగతావాళ్లూ రండి, అక్కడే కొలుద్దాం.